డబుల్ మార్కర్‌లో 1:190 వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

వచ్చిన ప్రశ్న ఇది: “నాకు 28 ఏళ్లు, మొదటి కాన్పు. పోయిన వారం ఎన్‌టీ స్కాన్ చేసి, అదే రోజు డబుల్ మార్కర్‌కి రక్తం తీసుకున్నారు. స్కాన్ బాగుందన్నారు. రక్తం రిపోర్ట్‌లో మాత్రం డౌన్ సిండ్రోమ్ రిస్క్ 1:190, స్క్రీన్ పాజిటివ్ అని ఎర్రగా వచ్చింది. డాక్టర్ గారు ఎన్‌ఐపీటీ గానీ ఆమ్నియో గానీ చేయించుకోమన్నారు. నాకు నెలసరి ఎప్పుడూ 36, 37 రోజులకు వచ్చేది. మాది మేనరికం, మా ఆయన మా మేనత్త కొడుకు. అందుకే ఇలా వచ్చిందని ఇంట్లో ఒకటే గొడవ. అత్తేమో కడుపులో సూది గుచ్చనివ్వనంటోంది. మూడు రోజులుగా నిద్ర లేదు మేడమ్. రెండు రిపోర్టుల ఫొటోలూ పెడుతున్నాను.”

అమ్మా, మీ రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. డబుల్ మార్కర్ అంటే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండి, బుద్ధి ఎదుగుదల నెమ్మదించే పరిస్థితి) ఉండే అవకాశం ఎంతో అంచనా వేసే రక్త పరీక్ష. ఎన్‌ఐపీటీ, ఆమ్నియో అంటే ఏమిటో, మిగతా సంగతులు తర్వాత చెబుతాను, ముందు ఇది చూడండి. రక్తం రిపోర్ట్‌లో మీ వయసు, బరువు రాసిన చోట చిన్న అక్షరాల్లో ‘గర్భం వయసు 13 వారాల 2 రోజులు, ఆధారం ఎల్‌ఎంపీ’ అని ఉంది. ఎల్‌ఎంపీ అంటే చివరిసారి నెలసరి వచ్చిన తేదీ. అదే రోజు చేసిన స్కాన్‌లో బిడ్డ పొడవు, అంటే సీఆర్‌ఎల్, 55 మిల్లీమీటర్లు. గర్భం వయసు 12 వారాల 1 రోజు అని ఉంది. ఒకే రోజు తీసిన లెక్కల్లో ఎనిమిది రోజుల తేడా. ఇంకొకటి కూడా ఉంది. బిడ్డ మెడ వెనక నీటి పొర మందం, అదే ఎన్‌టీ, స్కాన్‌లో 1.3 మిల్లీమీటర్లు అని రాశారు. చక్కటి కొలత అది. రక్తం రిపోర్ట్‌లో ఎన్‌టీకి కేటాయించిన గడి ఖాళీగా ఉంది.

పద్దెనిమిదేళ్లుగా గర్భిణులకు ఈ రిపోర్టులు చదివి వివరించడమే నా పని. ఈ రెండు పొరపాట్లూ నాకు తరచూ ఎదురవుతూనే ఉంటాయి. రక్తం తీసే కౌంటర్ దగ్గర ఒక ఫారం నింపుతారు. అక్కడ ‘లాస్ట్ పీరియడ్ ఎప్పుడమ్మా?’ అని అడుగుతారు, మీరు తేదీ చెబుతారు, వాళ్లు రాసుకుంటారు. స్కాన్ కాగితం అప్పటికి చేతికి వచ్చి ఉండదు, లేదా సంచిలోనే ఉండిపోతుంది. 28 రోజులకు నెలసరి వచ్చేవాళ్లకు పద్నాలుగో రోజు దగ్గర అండం విడుదలైతే మీకు ఇంకో ఎనిమిది తొమ్మిది రోజులు ఆలస్యమవుతుంది. కాబట్టి మీ విషయంలో స్కాన్ చెప్పిన వయసే సరైనది. ల్యాబ్ మీ బిడ్డను ఎనిమిది రోజులు పెద్ద చేసి లెక్కేసింది.

ఎనిమిది రోజులకే ఏమైపోతుంది అనుకోకండి. డబుల్ మార్కర్‌లో కొలిచేవి రెండు పదార్థాలు, ఫ్రీ బీటా హెచ్‌సీజీ, పాప్-ఎ. రెండూ మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చేవే. మూడో నెలలో పాప్-ఎ రోజురోజుకూ పెరుగుతూ పోతుంది, ఫ్రీ బీటా తగ్గుతూ వస్తుంది. మీ రక్తంలో ఉన్నది 12 వారాల గర్భానికి తగ్గ పాప్-ఎ. దాన్ని 13 వారాలు దాటినవాళ్లతో పోలిస్తే తక్కువగానే కనిపిస్తుంది. బీటాను పోలిస్తే ఎక్కువగా కనిపిస్తుంది. పాప్-ఎ తక్కువ, బీటా ఎక్కువ ఉండటం సరిగ్గా డౌన్ సిండ్రోమ్‌లో కనిపించే వరస. బిడ్డలో ఏ తేడా లేకపోయినా తేదీ ఒక్కటి తప్పు పడితే రిపోర్ట్ ఆ వైపుకే జరుగుతుంది.

అందుకని రేపు పొద్దున చేయాల్సిన పని ఒకటుంది, దానికి పెద్దగా ఖర్చు లేదు. ల్యాబ్‌కి ఫోన్ చేసి, ‘నా రిస్క్ ఎల్‌ఎంపీతో లెక్కించారు, ఎన్‌టీ కలపలేదు, స్కాన్ రిపోర్ట్ పంపిస్తాను, సీఆర్‌ఎల్, ఎన్‌టీ వేసి మళ్లీ లెక్కించి ఇవ్వండి’ అని అడగండి. మళ్లీ రక్తం ఇవ్వక్కర్లేదు. కొలిచిన విలువలు వాళ్ల దగ్గరే ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌లో వివరాలు మార్చి రిపోర్ట్ తీయడమే. పనిలో పనిగా మీ పుట్టిన తేదీ, రక్తం ఇచ్చిన రోజు బరువు, ఒక్క బిడ్డేనా కవలలా, ఐవీఎఫ్ గర్భమా, షుగర్‌కి ఇన్సులిన్ వాడుతున్నారా అన్నవి కూడా సరిగా పడ్డాయో లేదో చూడండి. ఇవన్నీ లెక్కలోకి వెళ్తాయి. 58 కిలోల బరువు 85గా పడ్డ రిపోర్ట్ నా చేతికి వచ్చిన రోజులున్నాయి. ఐవీఎఫ్‌లో వేరేవాళ్ల అండం వాడితే, ఆ అండం ఇచ్చినామె వయసు వేయాలి, తల్లి వయసు కాదు.

సరిదిద్దిన రిపోర్ట్‌లో అంకె తప్పకుండా బాగుంటుందని నేను మాట ఇవ్వలేను. రెండు వందల్లో ఒకటి నుంచి రెండు వేలలో ఒకటికి తగ్గినవీ చూశాను, ఉన్నచోటే ఉన్నవీ చూశాను. ఏం వచ్చినా ఆ సరిదిద్దిన అంకెనే పట్టుకుని ముందుకు వెళ్లాలి. కొందరు ఒక ల్యాబ్‌లో ఎక్కువ వచ్చిందని రెండో ల్యాబ్‌కి, అక్కడా నచ్చకపోతే మూడో ల్యాబ్‌కి వెళ్లి, మంచి అంకె వచ్చినదాన్నే నమ్ముకుంటారు. దయచేసి అలా చేయకండి. వివరాలు తప్పు పడితే లెక్క సరిచేయించుకోవడం వేరు, నచ్చిన జవాబు కోసం తిరగడం వేరు.

ఇక రిపోర్ట్‌లోని అంకెల సంగతి. పాప్-ఎ 0.46 ఎంఓఎం, బీటా 1.8 ఎంఓఎం అని ఉన్నాయి కదా. అదే వారంలో ఉన్న గర్భిణులందరినీ తక్కువ నుంచి ఎక్కువకు వరసలో నిలబెడితే సరిగ్గా నడిమి ఆమె విలువను 1 అనుకుంటారు. మీ విలువ దానికి ఎన్ని రెట్లో చెప్పేదే ఎంఓఎం. డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాల్లో పాప్-ఎ నడిమి విలువ సుమారు సగం, బీటా సుమారు రెండింతలు ఉంటుంది. అయితే ఏ ఇబ్బందీ లేని బిడ్డల్ని మోస్తున్న తల్లుల్లోనూ చాలామందికి ఇవే విలువలు ఉంటాయి. రెండు గుంపులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఆ కారణంగానే ఈ పరీక్ష ‘ఉంది’, ‘లేదు’ అని చెప్పలేదు, అవకాశం ఎంతో మాత్రమే చెబుతుంది.

1:190 అంటే ఏమిటో ఇలా ఊహించుకోండి. అచ్చం మీలాంటి రిపోర్టే వచ్చిన 190 మందికి ఒకే ఫంక్షన్ హాల్లో శ్రీమంతం చేస్తున్నారు. వాళ్లలో ఒక్కరి కడుపులో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చు. మిగతా 189 మందికి ఉండదు. శాతంలో చెప్పాలంటే అర శాతం. మీ వయసును బట్టి చూస్తే ముందు నుంచీ ఉన్న అవకాశం సుమారు వెయ్యిలో ఒకటి. ఆ లెక్కన ఐదు రెట్లు పెరిగిందన్నది నిజమే. ఐదు రెట్లు పెరిగాక కూడా అర శాతమేనన్నదీ అంతే నిజం. మన దగ్గర చాలా ల్యాబుల్లో 1:250 దగ్గర గీత గీస్తారు. 1:249 వస్తే ఎర్ర అక్షరాలు, 1:251 వస్తే నల్ల అక్షరాలు. మీ రిపోర్ట్ రెండో పేజీలో గ్రాఫ్ ఉంది చూడండి, అడ్డంగా ఒక గీత, దానికి కాస్త పైన ఒక చుక్క. ఆ చుక్కే మీరు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యంలో గీత 1:150 దగ్గర గీశారు. అక్కడైతే ఇదే 1:190ని తక్కువ అవకాశమనే రాసి ఇచ్చేవారు. చుక్క జరగలేదు, గీత జరిగింది.

గీత అంటూ ఎందుకు గీస్తారని అడుగుతారేమో. పది వేల మంది గర్భిణులు ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ కలిపి చేయించుకున్నారనుకోండి. డౌన్ సిండ్రోమ్ సుమారు 700 కాన్పులకు ఒకటి, కాబట్టి వీళ్లలో 14 మంది బిడ్డలకు ఉంటుంది. రెండూ కలిపిన లెక్క నూటికి 85 నుంచి 90 మందిని పట్టుకుంటుంది, అంటే 12 మంది దొరుకుతారు, ఇద్దరు తప్పిపోతారు. ఆ 12 మందిని పట్టుకోవడం కోసం ఏమీ లేనివాళ్లలో నూటికి ఐదుగురికి కూడా పాజిటివ్ వస్తుంది. పది వేలలో వాళ్లు దాదాపు 500 మంది. ఎర్ర రిపోర్ట్ చేతిలో పట్టుకుని ఏడుస్తూ నా దగ్గరికి వచ్చేవాళ్లలో నలభై మందికి పైగా చూస్తే తప్ప ఒకరికి అసలు సమస్య ఉండదు. స్కాన్ కలపకుండా రక్తం ఒక్కటే అయితే పట్టుకునేది నూటికి 65 దగ్గరే ఆగిపోతుంది. మీ రిపోర్ట్‌లో ఖాళీగా ఉన్న ఎన్‌టీ గడి గురించి నేను పట్టుబట్టేది అందుకే.

తప్పిపోయే ఆ ఇద్దరి గురించి కూడా చెప్పాలి. ఈ పనిలో చేరిన మొదటి సంవత్సరాల్లో, 1:3000 వచ్చిన ఒక అమ్మాయికి ‘మీకేం భయం లేదమ్మా, అంతా నార్మల్’ అని చెప్పి పంపించాను. బిడ్డ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. రిపోర్ట్ తప్పు కాదు, మూడు వేలలో ఒకరు ఆమే అయ్యారు. తప్పు నా మాటది. ఆరు నెలల బిడ్డను ఎత్తుకొచ్చి ‘మీరు నార్మల్ అన్నారు కదా మేడమ్’ అని ఆమె మెల్లగా అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత స్క్రీనింగ్ రిపోర్ట్ గురించి ‘నార్మల్’ అన్న మాట నేను వాడలేదు. ‘అవకాశం తక్కువ’ అంటాను, ఎంత తక్కువో అంకె చెబుతాను.

ఒక చిన్న ముచ్చట చెప్పనివ్వండి. రక్తంతో క్రోమోజోముల తేడాను పసిగట్టడమన్నది ఒక తల్లి అడిగిన ప్రశ్నతో మొదలైంది. అమెరికాలో అప్పట్లో వెన్నెముక లోపాల కోసం తల్లి రక్తంలో ఏఎఫ్‌పీ అనే పదార్థాన్ని చూసేవారు. అది ఎక్కువుంటేనే భయపడేవారు. ఒకామెకు మరీ తక్కువ వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. ఆమెకు 18వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉన్న బిడ్డ పుట్టింది. ‘అంత తక్కువ రావడానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?’ అని ఆ తల్లి అడిగింది. డాక్టర్లు పాత రికార్డులు తిరగేసి చూస్తే సంబంధం ఉందని తేలింది. 1984లో ఆ సంగతి ప్రచురించారు. ఈ రోజు ఐదో నెలలో చేసే క్వాడ్రపుల్ పరీక్షలో ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ, ఈస్ట్రియోల్, ఇన్‌హిబిన్-ఎ అని నాలుగు చూస్తారంటే దాని వేరు అక్కడుంది. రిపోర్ట్ గురించి అడగడానికి మొహమాట పడేవాళ్లందరికీ నేనీ కథ చెబుతుంటాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఎన్‌ఐపీటీయా, ఆమ్నియోయా.

ఎన్‌ఐపీటీ కూడా మీ చేతి నుంచి తీసే రక్తమే. మాయలో కణాలు చనిపోతున్నప్పుడు వాటి డీఎన్ఏ ముక్కలు తల్లి రక్తంలో కలుస్తాయి. అలా కలుస్తాయని 1997లో ‘డెన్నిస్ లో’ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. పదో వారం దాటాక ఎప్పుడైనా చేయొచ్చు. 21వ క్రోమోజోము ముక్కలు ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువున్నాయా అని యంత్రంతో లెక్కపెడతారు. డౌన్ సిండ్రోమ్‌ను నూటికి 99 మందిలో పట్టుకుంటుంది. అనవసరంగా పాజిటివ్ రావడం వెయ్యిలో ఒకరి కంటే తక్కువ. బిడ్డకు ఏ ప్రమాదమూ లేదు. ఖర్చు మాత్రం పది పదిహేను వేల నుంచి పాతిక వేల దాకా ఉంటుంది. రిపోర్ట్‌కి వారం పది రోజులు పడుతుంది.

అంత గట్టి పరీక్ష అయినా ఇదీ స్క్రీనింగే, అంటే అవకాశం చెప్పేదే, ఖాయం చేసేది కాదు. డీఎన్ఏ మాయది కాబట్టి, మాయలో తేడా ఉండి బిడ్డలో లేకపోవచ్చు. అందుకే ఎన్‌ఐపీటీ పాజిటివ్ వస్తే ఆమ్నియోతో నిర్ధారించుకోకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఆ ఒక్క కాగితం చూసి గర్భం తీయించుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ బిడ్డలో నిజంగా ఏముందో ఇంకెప్పటికీ తెలియదు. తల్లి బరువు బాగా ఎక్కువుంటే బిడ్డ డీఎన్ఏ వాటా సరిపోక రిపోర్టే రాకపోవచ్చు. సాధారణంగా కనీసం 4 శాతం ఉండాలంటారు. అలా రిపోర్ట్ రాలేదంటే అది పాజిటివ్ అని కాదు, అలాగని వదిలేసేదీ కాదు, మీ డాక్టర్‌తో మళ్లీ కూర్చోవాలి.

ఆమ్నియో అంటే ఉమ్మనీరు పరీక్ష. 16వ వారం వచ్చాక చేస్తారు. అంతకంటే ముందే తెలియాలంటే 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసే సీవీఎస్ ఉంది. ఈ రెండే ఖాయంగా చెప్పేవి. ఉమ్మనీటిలోని బిడ్డ కణాల్లో గానీ, సీవీఎస్ అయితే మాయ కణాల్లో గానీ క్రోమోజోములను నేరుగా చూస్తారు. ముఖ్యమైన మూడు నాలుగు క్రోమోజోముల సంగతి కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది, మొత్తం రిపోర్ట్‌కి రెండు మూడు వారాలు. గర్భస్రావం ప్రమాదం గురించి పాత పుస్తకాల్లో నూటికి ఒకటి అని ఉండేది. చేయి తిరిగినవాళ్లు చేస్తే అది నూటికి అరకంటే తక్కువని ఇప్పటి లెక్క. మీది నెగటివ్ బ్లడ్ గ్రూప్ అయితే ఆ రోజే యాంటీ-డి ఇంజెక్షన్ తీసుకోవాలి, మరచిపోకండి.

మీ స్థానంలో నా చెల్లెలు ఉంటే ఏం చెబుతానో అదే చెబుతాను. ముందు లెక్క సరిచేయించండి. సరిదిద్దాక రిస్క్ వెయ్యిలో ఒకటి కంటే బాగా తగ్గితే, ఐదో నెలలో టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే స్కాన్) జాగ్రత్తగా చేయించుకుంటే సరిపోతుంది. 250కి, 1000కి మధ్య ఎక్కడో ఆగిందా, స్కాన్ బాగుంది కాబట్టి ఎన్‌ఐపీటీ సరైన మెట్టు. అప్పటికీ 250 లోపే ఉంటే రెండు దారులూ తెరిచే ఉన్నాయి. స్కాన్‌లో ఏ తేడా లేదు కాబట్టి చాలామంది ఎన్‌ఐపీటీ వైపు వెళ్తారు. అనుమానాన్ని మోస్తూ ఉండలేను, ఖాయంగా తెలియాలి అనుకునేవాళ్లు నేరుగా ఆమ్నియోకి వెళ్తారు. ఏదీ తప్పు కాదు. ఎన్‌టీ 3.5 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువున్నా, అంకె 1:50 లోపు వచ్చినా, స్కాన్‌లో ఇంకేదైనా లోపం కనబడినా సలహా మారిపోతుంది. అప్పుడు ఎన్‌ఐపీటీతో టైమ్ పోగొట్టుకోకుండా నేరుగా సీవీఎస్ గానీ ఆమ్నియో గానీ చేయించుకోవాలి. ఎన్‌ఐపీటీ చూడని తేడాలు అలాంటి గర్భాల్లో ఎక్కువగా ఉంటాయి.

మీ అత్త భయాన్ని కొట్టిపారేయకండి. కడుపులో సూది అంటే బిడ్డకు గుచ్చుకుంటుందనే ఎవరికైనా అనిపిస్తుంది. ఒకసారి జనగామ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె మా గదిలో కూర్చుని ‘నా మనవడి కంట్లో గుచ్చుకుంటే ఎవరు జవాబు?’ అని నిలదీసింది. కాగితం మీద సంచి గీశాను. బిడ్డ ఒక పక్కన, నీళ్లు ఒక పక్కన, నీళ్లున్న జాగా చూసుకుని సూది. స్కాన్‌లో బిడ్డనీ సూది మొననీ చూస్తూనే గుచ్చుతారని, తీసేది నాలుగు చెంచాల నీళ్లని, ఆ నీళ్లు మళ్లీ ఊరతాయని చెప్పాను. ఆమె ఆ కాగితం మడిచి కొంగున కట్టుకుని పోయింది. రెండు వారాల తర్వాత కోడలితో పాటు తనే వచ్చింది. మీ అత్తను కూడా కౌన్సెలింగ్‌కి వెంట తీసుకెళ్లండి. ఆమె మీ నాన్నగారి తోబుట్టువు కూడా కదా, ఆ చనువు ఉంటుంది. కానీ ఒక సంగతి తెలిసి ఉండాలి. ఆమ్నియో లాంటి పరీక్షకు చట్టం అడిగేది మీ సంతకం. లాభనష్టాలు మీకు వివరించి, మీకు అర్థమయ్యే భాషలో రాసిన కాగితం మీద మీ సమ్మతి తీసుకుని, దాని నకలు మీ చేతికి ఇవ్వాలి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టంలోనే ఇది ఉంది. రిజిస్టర్ అయిన కేంద్రంలోనే చేయాలని కూడా అందులోనే ఉంది. ఆడా మగా అన్నది ఈ పరీక్షల్లో దేనిలోనూ చెప్పకూడదు. చెబుతామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మేనరికం సంగతికి వస్తే, అందువల్ల డౌన్ సిండ్రోమ్ రాదు. ఇంట్లో అందరికీ ఈ వాక్యం చదివి వినిపించండి. 1959లో ఫ్రెంచ్ డాక్టర్ లెజెన్ బృందం కనుక్కున్నట్టు, ఈ బిడ్డల్లో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడుంటాయి. నూటికి 95 మందిలో అది అండం గానీ వీర్యకణం గానీ తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగా విడిపోక జరిగేది, వంశంలో నుంచి వచ్చేది కాదు. తల్లి వయసుతో పెరుగుతుంది. మేనరికంతో సంబంధం లేదు, మీరు తిన్న బొప్పాయితో సంబంధం లేదు, గ్రహణంతో అంతకన్నా లేదు. పెదవి చీలి పుడితే గ్రహణం మొర్రి అని పేరు పెట్టి, తల్లి గ్రహణం రోజు బయటికి వెళ్లిందని ఆడిపోసుకునే అలవాటు మనకు ఎన్నాళ్ల నుంచో ఉంది. ఏం జరిగినా నింద తల్లి నెత్తినే పడటం చూసి చూసి నాకు బాధగా ఉంటుంది. మీ ఇంట్లో ఆ గొడవ ఈ రోజుతో ఆగాలి.

అయితే మేనరికం వల్ల చూసుకోవాల్సినది వేరే ఉంది, దాన్ని డబుల్ మార్కర్ చూడదు, మామూలు ఎన్‌ఐపీటీ కూడా చూడదు. తాతలు ఒకరే కాబట్టి మీ ఇద్దరి జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు ఒకటే. ఒకే లోపమున్న జన్యువు ఇద్దరిలోనూ దాగి ఉంటే బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి. ఏ దంపతులకైనా పుట్టుకతో లోపం ఉండే అవకాశం నూటికి రెండు మూడు ఉంటే, మేనత్త మేనమామ బిడ్డలు పెళ్లాడితే ఇంకో రెండు మూడు కలుస్తుంది. అంటే నూటికి తొంభై మందికి పైగా బిడ్డలు బాగానే పుడతారు. అలాగని ఏమీ అడగకుండా వదిలేయకూడదు. రెండు వైపులా మూడు తరాల్లో పసితనంలో పోయిన బిడ్డలు, పుట్టు చెవుడు, బుద్ధి మాంద్యం, మాటిమాటికీ రక్తం ఎక్కించుకోవాల్సి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అత్తనే అడగండి. ఇలాంటివి డాక్టర్ల కంటే పెద్దవాళ్లకే బాగా తెలుస్తాయి. ఉంటే ఇప్పుడే చెప్పాలి, కాన్పయ్యాక చెబితే ఆలస్యమే.

మీకు హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్ష చేశారో లేదో కూడా చూసుకోండి. తలసీమియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుల జన్యువును మోస్తున్నారేమో అది పట్టిస్తుంది. అందులో హెచ్‌బీ-ఎ2 3.5 శాతం దాటితే తలసీమియా క్యారియర్ (తమకు జబ్బు లేకుండా ఆ జన్యువును మోసేవాళ్లు) అయి ఉండొచ్చు, వెంటనే మీ ఆయనకు కూడా చేయాలి. ఒక్కరికే ఉంటే బిడ్డకు జబ్బు రాదు. మేనరికంలో ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ. హిమోగ్లోబిన్ తక్కువుందని ఐరన్ మాత్రలు ఇచ్చి పంపేయడం, అసలు కారణం తలసీమియా లక్షణమని తర్వాత తేలడం చాలాసార్లు జరుగుతుంది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. మేనరికం గురించి అడగడానికి ఒక్కసారి అలాంటి చోటికి వెళ్లి రావడం మంచిది.

ఇది మీకు వర్తించకపోవచ్చు కానీ చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. డౌన్ రిస్క్ తక్కువే వచ్చి, పాప్-ఎ ఒక్కటి 0.4 కంటే తక్కువుంటే చాలామంది దాన్ని చూడరు. మాయ సరిగా కుదురుకోలేదేమోనన్న సూచన అది. బిడ్డ ఎదుగుదల తగ్గడం, తల్లికి బీపీ పెరగడం లాంటివి అలాంటి గర్భాల్లో కొంచెం ఎక్కువ. ఏడో నెల నుంచి గ్రోత్ స్కాన్లు, బీపీ చూసుకోవడం అవసరమవుతాయి. తక్కువ మోతాదు ఆస్పిరిన్ కావాలా వద్దా అన్నది 16 వారాల లోపే డాక్టర్ తేల్చాలి. మీ అంతట మీరు వేసుకోకండి. అలాగే డబుల్ మార్కర్ బాగున్నంత మాత్రాన వెన్నెముక లోపాలు లేవని కాదు. దానికి ఐదో నెలలో ఏఎఫ్‌పీ గానీ టిఫా స్కాన్ గానీ ఉండాల్సిందే.

టైమ్ సంగతి. మీకు స్కాన్ ప్రకారం ఇప్పుడు 13 వారాలు. లెక్క సరిచేయడానికి రెండు రోజులు, ఎన్‌ఐపీటీకి పది రోజులు వేసుకున్నా 15 వారాలు దాటవు. ఆమ్నియో అవసరమైనా 19 వారాల లోపు చేతికి రిపోర్ట్ వస్తుంది. 2021లో మార్చిన గర్భస్రావ చట్టం ప్రకారం, బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 24 వారాలు దాటాక కూడా గర్భం తీయించుకునే దారి ఉంది. కాబట్టి ఈ రాత్రే ఏదో తేల్చేయాలన్న తొందర లేదు. ఒకవేళ డౌన్ సిండ్రోమ్ అని ఖాయమైనా, దాని అర్థం గర్భం తీయించుకోవాల్సిందేనని ఎవరూ మీతో అనకూడదు. ముందే తెలుసుకుని, ఈ బిడ్డల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది కాబట్టి గుండె స్కాన్ చేయించుకుని, పిల్లల డాక్టర్ ఉన్న ఆసుపత్రిలో కాన్పు పెట్టుకున్న దంపతులూ నాకు తెలుసు. వద్దనుకున్నవాళ్లూ తెలుసు. ఇద్దరి పక్కనా నేను కూర్చున్నాను. ఖాయంగా తెలిస్తే మీరేం చేస్తారన్నది మీరిద్దరూ ఒక సాయంత్రం నెమ్మదిగా మాట్లాడుకోండి. ఎన్‌ఐపీటీయా ఆమ్నియోయా అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

సరిదిద్దిన రిపోర్ట్ వచ్చాక రెండు పేజీలూ ఫొటో తీసి పెట్టండి, గ్రాఫ్ ఉన్న పేజీతో సహా. మీ పేరు, ఫోన్ నంబర్ కనబడకుండా చెరిపేయండి. ‘ఆధారం’ అన్న చోట స్కాన్ అని, ఎన్‌టీ గడిలో 1.3 అని పడ్డాయో లేదో ముందు అది చూడండి.